నలభై ఒకటోసారి

ఫ్రీజరు తలుపు బార్లా తెరిచి చెక్క గరిటెతో మంచు గోకుతోంది ఆమె. కింద పరిచిన పాత తువ్వాలు అప్పటికే తడిసి ముద్దయింది. హాల్లో మంచం మీద పడుకున్న అత్తగారు ఫోనులో ఎవరితోనో అంటోంది: "ఏం చెప్పమంటావు వదినా, మంచు పట్టకుండా పూత కనిపెట్టినవాడి ఇల్లు ఇది. మా ఫ్రిజ్జు చూస్తే పాలపేకెట్టు పెట్టడానికి చోటుండదు. వాడికి తీరికేదీ? ఇక మా కోడలంటావా..." అక్కడ గొంతు తగ్గింది. గొంతు తగ్గిందంటే తన గురించేనని తెలుసుకోవడానికి పదమూడేళ్ల కాపురం అక్కర్లేదు, పదమూడు రోజులు చాలు. ఆమె గరిటె ఇంకాస్త గట్టిగా ఆడించింది.

అత్తగారు ముందురోజు, సోమవారం మధ్యాహ్నం స్నానాలగదిలో జారిపడింది. ఎముక విరగలేదు గానీ తుంటి బెణికింది. మూడు రోజులు కాలు కింద పెట్టొద్దన్నాడు డాక్టరు. పక్కింటావిడ ముందు కొడుక్కి ఫోను చేసింది. కొడుకుదీ కోడలిదీ ఒకటే కంపెనీ, ఒకే కప్పు కింద పని. అతను పై అంతస్తులో గాజు తలుపుల గదిలో, ఆమె కింద ల్యాబ్‌లో. అతను పైనుంచి ఫోను చేసి, "అమ్మ పడిందట, నువ్వు వెళ్తున్నావుగా" అన్నాడు. వెళ్తావా అని అడగలేదు. ఆమె తెల్లకోటు కూడా విప్పకుండా పరుగెత్తింది. అప్పట్నుంచి ఎత్తడం, తుడవడం, బట్టలు మార్చడం, వేడినీళ్ల కాపడం, వేళకి మాత్రలు. మధ్యలో అత్తగారు విసుక్కుంది, నీ చేతులేంటే చెక్కముక్కల్లా ఉన్నాయని. చెక్కముక్కలే మరి. పదిహేనేళ్లు ల్యాబ్‌లోని చలిగదిలో తిరిగిన చేతులు. కుడిచేతి రెండు వేళ్ల కొసలు ఏనాడో మొద్దుబారిపోయాయి. పెనం కాలినా తెలియదు. కూతురికి జ్వరమొస్తే నుదుటి మీద చెంప ఆనించి చూస్తుంది.

ఫ్రీజరు మూలన రబ్బరు అంచు దగ్గర మంచు మొండికేసింది. నడిమధ్యన ఎప్పుడూ తేలిగ్గా ఊడుతుంది, అంచుల దగ్గరే ప్రాణం తీస్తుంది. గరిటె కొస అక్కడ ఆనించి నొక్కుతూ ఉండగా ఆమెకి చటుక్కున గుర్తొచ్చింది. రేకు! సోమవారం పొద్దున చలిగదిలో కొత్త రేకు పెట్టింది. పది సార్లయ్యాక యంత్రం ఆపి దాన్ని తీసేయాలి. ఆపకుండానే వచ్చేసింది.

ఆ యంత్రం చేసేది చెప్పుకోవడానికి పెద్ద విద్యేమీ కాదు. పూత వేసిన అరచేతి వెడల్పు రేకు మీద ఒక గొట్టం కాసిని నీళ్లు వదులుతుంది. నీళ్లు గడ్డకడతాయి. ఒక ఇనప చెయ్యి వచ్చి ఆ గడ్డని పక్కకి నెడుతుంది. ఎంత బలంతో నెడితే ఊడిందో మీటరు రాసుకుంటుంది. మంచు పోయిందో లేదో రేకు మధ్యలో బిగించిన బటానీ గింజంత సెన్సర్ చెబుతుంది. పోతే పచ్చదీపం, ఉంటే ఎర్రదీపం. తర్వాత రేకు వేడెక్కి ఆరిపోతుంది, మళ్లీ నీళ్లు, మళ్లీ గడ్డ. ఒక్కో విడతకి గంటా ముప్పావు. పదిసార్లకొకసారి రేకు మార్చాలని రాసింది భర్తే, ఆ నియమం కింద సంతకమూ అతనిదే. రెండు రేకులైపోయాయి, ఇది మూడోది. దీంతో మొత్తం ముప్పై సార్లు, అన్నీ పచ్చదీపాలు వెలిగితే రిపోర్టు సిద్ధం.

వెంటనే అతనికి ఫోను చేసింది. ఒక్క అంతస్తు దిగి యంత్రం ఆపమని చెప్పింది. అతను మీటింగులో ఉన్నట్టున్నాడు, "చూస్తాలే" అన్నాడు. ఆమె నమ్మింది. ఇన్నేళ్లుగా 'చూస్తాలే' అన్నవి ఎన్ని చూశాడో లెక్కేసి ఉంటే నమ్మేది కాదు. గ్యాసు సిలిండరు చూస్తాలే, పాప స్కూలు మీటింగు చూస్తాలే, నీ వేళ్ల సంగతి డాక్టరుకి చూపిద్దాం, చూస్తాలే.

నిజానికి ఆ పూత పుట్టింది ఈ వంటింట్లోనే. కూతురు కడుపున పడి ఏడో నెల. నూనె పూసిన గిన్నె కడగకుండా నీళ్లుపోసి ఫ్రీజరులో పెట్టేసింది పరధ్యానంగా. మర్నాడు బోర్లించి వేలితో తడితే గడ్డ మొత్తం ఒక్క ముక్కగా జారి సింకులో పడింది. ఆ రోజుల్లో అతను పక్కన నిలబడి గిన్నెలు తుడిచేవాడు. "చూశావా, నూనె మెల్లిగా ఊరుతూ ఉండే మెత్తటి పొర ఒకటి రేకు మీద వేయగలిగితే మంచుకి పట్టు దొరకదు" అంది ఆమె. అప్పట్లో అతన్ని నువ్వు అనే పిలిచేది. రెండు నెలల పాటు ఇద్దరూ ఇదే మాట, ఇదే కల. ఎన్ని పాళ్ల జిగురు, ఎన్ని పాళ్ల నూనె, అన్నీ ఆమె పొట్ట మీద కాగితం పెట్టుకుని రాసిందే. కంపెనీకి ఇచ్చే వేళకి ఆమె పురిటి మంచం మీద ఉంది. అతను వచ్చి మంచం అంచున కూర్చుని నచ్చజెప్పాడు. ఇద్దరి పేర్లూ పెడితే మొగుడూపెళ్లాల భాగోతం అనుకుంటారు, ప్రస్తుతానికి నా ఒక్కడిదే పెడతాను, ఎలాగూ మనిద్దరిదీ కదా. పక్కలో పసిగుడ్డు, ఒళ్లంతా పచ్చిపుండు. సరేనంది. మొదటి ఏడు 'మా ఇద్దరి పూత' అనేవాడు. తర్వాత 'మా టీమ్ పూత' అయింది. గాజు తలుపుల గది వచ్చాక 'నా పూత'. ఆ మార్పు ఏ రోజు జరిగిందో ఆమెకే తెలియదు. పిల్ల పళ్లు ఊడి కొత్తవి వచ్చినట్టే, చూస్తుండగానే జరిగిపోయింది.

పిలుపు కూడా అలాగే మారింది. అత్తగారి ముందు 'నువ్వు' అంటే బాగుండదని 'మీరు' మొదలుపెట్టింది. మొదట్లో అత్తగారు లేనప్పుడు మళ్లీ 'నువ్వు' వచ్చేది. ఇప్పుడు గదిలో ఇద్దరే ఉన్నా 'మీరే' వస్తోంది.

కిందటేడు అతని స్నేహితులు భోజనానికి వచ్చారు. మీ ఆవిడ ఏం చేస్తారని ఒకాయన అడిగాడు. అతను నవ్వుతూ, "మా ఆవిడకి ఇంట్లోనూ ఫ్రిజ్జే, ఆఫీసులోనూ ఫ్రిజ్జే. ఫ్రిజ్జమ్మ" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. చేతిలో అన్నం గిన్నెతో ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే ఇంకోమాట అంటారని. ఆ పేరు ఇంట్లో స్థిరపడిపోయింది. ఆఖరికి కూతురు గువ్వ కూడా మొన్న స్కూలు నోటుపుస్తకంలో రాసుకొచ్చింది: 'మా నాన్న మంచు పట్టని పూత కనిపెట్టారు. మా అమ్మ నాన్న ఆఫీసులో ఫ్రిజ్ చూసుకుంటుంది.' టీచరు బాగుందని టిక్కు పెట్టింది, వచ్చే మంగళవారానికి చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి తెమ్మంది. ఆమె చదివి పుస్తకం మూసి బ్యాగులో పెట్టింది. పిల్లని ఏమంటాం? అది విన్నదే రాసింది.

గురువారం పొద్దున పక్కింటావిడని బతిమాలి అత్తగారి దగ్గర కూర్చోబెట్టి ల్యాబ్‌కి వెళ్లింది. చలిగది తలుపు తెరవగానే తెలిసిపోయింది, ఎవరూ యంత్రం ఆపలేదు. అదే ఆగిపోయి ఉంది. ఇనప చెయ్యి కొస వంగిపోయింది. సోమవారం పెట్టిన రేకే, అదే పూత, మూడు రోజులు రాత్రీపగలూ గడ్డకట్టి, విడిచి, గడ్డకట్టి, విడిచి, నలభై సార్లు ఓపిక పట్టింది. నలభై ఒకటోసారి మంచు వదల్లేదు.

ఆమె కోటు బొత్తాలు పెట్టుకోవడం మరిచిపోయి, మీటరు రాసుకున్న అంకెలు చూస్తూ నిలబడిపోయింది. మొదటి పదిసార్లు చిటికెనవేలితో నెట్టినంత బలం చాలు. ఇరవై దగ్గర కాస్త పెరిగింది. ముప్పై దాటాక అంకెలు మెట్లెక్కాయి. నలభై దగ్గర ఉత్తి ఇనుముకీ దానికీ తేడా లేదు. రేకుని వేలికొసతో తడిమింది, మొద్దువేలు ఏమీ చెప్పలేదు. చెంపకి ఆనించుకుంది. పొడిగా ఉంది. చుక్క నూనె లేదు. అప్పుడు అర్థమైంది. మంచు జారిపోయిన ప్రతిసారీ ఆ పూత తనలోంచి కాస్త నూనె వదిలిపెడుతోంది. వదులుతోంది కాబట్టే మంచు జారుతోంది. ఎంత బాగా పనిచేస్తే అంత తొందరగా ఎండిపోతోంది.

ఇంకో చోద్యం. సెన్సర్ దగ్గర పచ్చదీపమే వెలుగుతోంది. నడిమధ్యన మంచు పెళ్లగిలి ఎగిరిపోయింది, అంచుల చుట్టూ మాత్రం గట్టి వలయంలా కరుచుకుని ఉంది. ఇనప చెయ్యి వంగింది దానికి తగిలే. సెన్సరేమో మధ్యలో కూర్చుని, హాల్లో సోఫాలో కూర్చున్న ఇంటాయనలాగా, అంతా బాగానే ఉందని చెబుతోంది. ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండేళ్ల పూత. ఇంకొకరి పేరుతో పెరిగినా కన్నది తను.

పూత కొనబోయేది కొండ మీద రోప్‌వే నడిపేవాళ్లు. చలికాలంలో వాళ్ల ఇనప స్తంభాల మీద మంచు పలకలు కడుతుంది. రోజూ పొద్దున్నే ఒక పెద్దాయన సుత్తి పట్టుకుని స్తంభమెక్కి వాటిని కొట్టి కింద పడేశాకే క్యాబిన్లు కదులుతాయి. కిందటి చలికాలం ఆయన చూడని చోట ఒక పలక ఊడి క్యాబిను పైకప్పు చీల్చుకుని లోపల పడింది. ఖాళీ క్యాబిను కాబట్టి సరిపోయింది. ఇప్పుడు పూత వేసి, సెన్సర్లు బిగించి, ఆ ఎక్కడం మానిపించాలని వాళ్ల ఆలోచన. పచ్చదీపం ఉంటే చాలు, జనాన్ని ఎక్కించి పంపేస్తారు. సోమవారం వాళ్లు వస్తున్నారు. రిపోర్టులో 'పరీక్షించినవారు' అన్న చోట సంతకం ఆమెదే కావాలి. ఆ పరీక్షకి కంపెనీలో అర్హత ఉన్నది ఆమె ఒక్కదానికే.

అంకెల కాగితం తీసుకుని మెట్లెక్కింది. అతను చదివి, అంతా విని, కాగితం బల్ల మీద బోర్లించాడు. పొరపాటున జరిగిన పరీక్ష లెక్కలోకి రాదన్నాడు. ఆపడం మరిచిపోయింది నువ్వే కదా అన్నాడు. ఆపమని మీకు ఫోను చేశాను కదా అంటే, సెన్సర్ పచ్చగానే ఉందిగా అన్నాడు. అంచు మాట చెబితే పెదవి విరిచి, "ఫ్రిజ్జు తలుపు దగ్గరే నీ బుర్ర ఆగిపోయింది" అన్నాడు. ఆమె కిందికి దిగి, యంత్రానికి కొత్త చెయ్యి బిగించి, కొత్త రేకు పెట్టి, ఈసారి కావాలనే ఆపకుండా వదిలేసింది. ఆదివారం పొద్దున వెళ్లి చూసింది. ఈ రేకు కూడా నలభై దాటలేదు. ఆ అంకెలు ఫోనులో అతనికి పంపించి ఇంటికి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం. గువ్వ స్నేహితురాలి ఇంటికి వెళ్లింది, అత్తగారు కునుకు తీస్తోంది. ఆమె వంటింట్లో గిన్నెలు తోముతోంది. అతను వచ్చి కుళాయి కట్టేశాడు. తువ్వాలు తీసి ఆమె చేతులు తుడిచాడు. ఆ రెండు చేతుల్నీ తన అరచేతుల మధ్య పెట్టుకుని మెల్లిగా రుద్దాడు, ఆవిరి ఊదాడు, మళ్లీ రుద్దాడు.

ఈ చేతుల సంగతి చెప్పాలి. పెళ్లికి ముందు ఇద్దరూ ఆ ల్యాబ్‌లోనే కొత్తగా చేరినవాళ్లు. సెన్సర్ తీగలు వెంట్రుకంత సన్నం, గ్లౌజులు వేసుకుని బిగించడం కుదరదు. వట్టి చేతులతో చలిగదిలో పావుగంట నిలబడాలి. ఆమె బయటికి వచ్చేసరికి అతను తలుపు దగ్గర కాచుక్కూర్చుని ఉండేవాడు. ఏమీ మాట్లాడకుండా ఆమె చేతులు తన అరచేతుల్లోకి తీసుకుని వేడెక్కేదాకా వదిలేవాడు కాదు. అతనిలో ఏం చూశావే అని పుట్టింట్లో తన తల్లి అడిగితే ఈ సంగతే చెప్పబోయి సిగ్గుపడి ఊరుకుంది. ఆ చేతుల కోసమే చేసుకుంది. పై అంతస్తుకి వెళ్లాక అతను చలిగది గడప తొక్కింది లేదు. ఆరేళ్లు. ఆరేళ్లుగా ఆమె బయటికి వచ్చి వేడినీళ్ల కుళాయి కింద తనే చేతులు పెట్టుకుంటోంది.

అందుకే ఏడుపొచ్చింది. ఆపుకోలేక అతని భుజం మీద తల వాల్చేసింది. ఆరేళ్లదీ ఒక్కసారే ముంచుకొచ్చింది. అయ్యో, ఇతన్ని ఎంత అపార్థం చేసుకున్నాను, మనిషి ఇంకా ఉన్నాడు, పైపైన పనుల దుమ్ము పట్టింది గానీ లోపల ఆ మనిషే ఉన్నాడు అనుకుంది. ఫ్రిజ్జమ్మ మాట, చూస్తాలే మాటలు, అన్నీ ఆ క్షణాన మాఫీ చేసేసింది. మొద్దుబారిన ఆ రెండు వేళ్లకి కూడా వెచ్చదనం తెలిసినట్టే అనిపించింది.

అతను చేతులు వదలకుండానే, మెత్తగా, చెవి దగ్గర అన్నాడు. "ఆ రెండు పరీక్షలు తీసేయ్. ముప్పై వరకే సంతకం పెట్టు. నా కోసం."

కాసేపు ఆమెకి ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా చేతులు వెంటనే వెనక్కి రాలేదు. వెచ్చగా ఉన్నాయి. అదే ఆమెకి అన్నిటికన్నా సిగ్గనిపించింది, తెలిసి కూడా ఇంకో క్షణం అక్కడే ఉంచాలనిపించడం. చివరికి అడిగింది.

"పదిసార్లకొకసారి రేకు మార్చాలని ఎందుకు రాశావు?"

చాలా ఏళ్ల తర్వాత నోటంట 'నువ్వు' వచ్చింది. అతను గమనించలేదు. కుళాయి వైపు చూశాడు. తర్వాత, ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, "ఎండిపోతుందని నాకు రెండేళ్ల క్రితమే తెలుసు. తెలిసే రాశాను" అన్నాడు. నలభైకొకసారి నూనె పట్టించాలని రాసిద్దాం, దానిదేముంది, వాళ్లు పట్టిస్తారు అంది ఆమె. బతిమాలింది కూడా. అతను తల అడ్డంగా ఊపాడు. ఎవరూ మళ్లీ దాని మొహం చూడక్కర్లేదంటేనే వాళ్లు కొంటారని, మాటిమాటికీ చూసుకోవాల్సిన పూత ఎవరిక్కావాలని అన్నాడు. ఈలోగా హాల్లో అత్తగారు లేచి మంచినీళ్లు అడిగింది. అతను చేతులు వదిలేసి, "అమ్మకి నీళ్లివ్వు" అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమంతా పని చేస్తూనే ఆలోచించింది. నిజం చెప్పాలంటే ఊగిసలాడింది. సంతకం పెడితే తన పూత కొండ మీది స్తంభాలకెక్కుతుంది. కన్నతల్లికి ఆ ఆశ ఉండదా? పెట్టకపోతే దాన్ని తనే తన చేత్తో పూడ్చిపెట్టినట్టు. ఇంట్లో అతను మళ్లీ ఎప్పటికీ చేతులు పట్టుకోడు, అది కూడా తెలుసు. ఆ ఒక్కటే కాసేపు గుండెని పిండేసింది. ఒకపక్క గువ్వ వచ్చి, టీచరు చెప్పిందమ్మా, రోప్‌వే ఎక్కిస్తారట మమ్మల్ని చలికాలం సెలవుల్లో అంది, షూ విప్పుకుంటూ. ఏ కొండ మీదో అడగలేదు ఆమె. ఏ కొండైతేనేం.

సోమవారం రోప్‌వే మేనేజరుతో పాటు సుత్తి పెద్దాయన కూడా వచ్చాడు. పొట్టిమనిషి, మెడలో ఉన్ని మఫ్లరు, కుర్చీ అంచున కూర్చున్నాడు. భర్త తెర మీద బొమ్మలు చూపిస్తూ అరగంట మాట్లాడాడు. ముప్పై పచ్చదీపాలు చూపించాడు. తర్వాత రిపోర్టు తెమ్మన్నాడు. ఆమె తెచ్చి మేనేజరు ముందు పెట్టింది. అందులో ముప్పై లేదు. రెండు రేకులు, ఆపకుండా చేసిన పరీక్ష, నలభై తర్వాత పనిచేయదు, మధ్యలో ఉన్న సెన్సరుకి అంచుల మంచు తెలియదు, నలభైకొకసారి నూనె పట్టించాలి. కింద సంతకం.

భర్త ఏదో సర్దిచెప్పబోయాడు. సుత్తి పెద్దాయన ఆమె వైపు తిరిగాడు.

"మా దగ్గర రోజుకి రెండు మూడు సార్లు మంచు కడుతుంది. నలభై అంటే పదిహేను రోజులమ్మా" అన్నాడు. "పదహారో రోజున నేను స్తంభం ఎక్కకుండా ఇంట్లో ఉండేవాణ్ని."

వెళ్లేటప్పుడు ఆమె దగ్గర ఒక్క క్షణం ఆగి చెయ్యి చాచాడు. ఆయన వేళ్లు కూడా చెక్కముక్కల్లాగే ఉన్నాయి. మేనేజరు రిపోర్టు సంచిలో పెట్టుకుని, ఆలోచించి చెబుతామన్నాడు. చెప్పరని అందరికీ తెలుసు.

వరండాలో అతను ఆమెని ఆపాడు. అరవలేదు. పళ్లబిగువున అన్నాడు.

"నీ పూత పనికిరాదని నువ్వే తేల్చుకున్నావు. ఇప్పుడు కడుపు నిండిందా?"

అతను మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఆమె గోడకి ఆనుకుని నిలబడిపోయింది. 'నీ పూత' అన్నాడు. పదకొండేళ్లలో ఒక్కసారి, ఒక్క మనిషి ముందైనా ఆ మాట అంటాడేమోనని ఎన్ని పార్టీల్లో, ఎన్ని మీటింగుల్లో చెవులు రిక్కించి వింది! ఇవాళ అన్నాడు. చచ్చాక తెచ్చి ఒళ్లో పడేశాడు. ఆమె చలిగదిలోకి వెళ్లి తలుపు మూసుకుని, ఎండిపోయిన రెండు రేకుల్నీ గుండెలకి హత్తుకుని, గట్టిగా ఏడ్చింది. అక్కడ ఏడిస్తే బయటికి వినపడదు.

ఇంటికి వచ్చేసరికి సంగతి ఆమెకన్నా ముందే చేరింది. అతను సోఫాలో తల పట్టుకుని కూర్చున్నాడు. అత్తగారు చేతికర్ర ఊతంతో మంచం మీద లేచి కూర్చుని, వాడి బతుకు ఏం చేశావే అని అడిగింది. ఆమె వంగి చెప్పులు విప్పింది. కాసేపటికి అత్తగారే, తుంటి లాగేస్తోంది, వేడినీళ్ల సంచి తెమ్మంది. ఆమె చెప్పుల స్టాండు దగ్గరే నిలబడి, "మీ అబ్బాయి ఖాళీగానే ఉన్నారత్తయ్యా, అడగండి" అంది. ఆ ఇంట్లో ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు. అతను తలెత్తి చూశాడు, మరి కాస్సేపటికి లేచి వంటింట్లోకి వెళ్లాడు. సంచి ఎక్కడుంటుందో తెలియక అన్ని అరలూ తెరిచి మూస్తున్న చప్పుడు వినిపించింది. ఆమె చెప్పలేదు. భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.

బల్ల మీద గువ్వ చార్టు పరుచుకుని, రంగు పెన్నులు పోసుకుని, ఏమీ రాయకుండా కూర్చుంది. అమ్మ కళ్లు ఉబ్బి ఉండటం చూసింది. మెల్లిగా అడిగింది. "అమ్మా, నాన్న పూత పాడైపోయిందట కదా. ఇప్పుడేం రాయను?"

"అది నాన్నది కాదమ్మా. నాది. ఇవాళ మీ నాన్నే చెప్పారు. కావాలంటే అడుగు."

వంటింట్లో అరల చప్పుడు ఆగింది. గువ్వ అటు తిరిగి చాలాసేపు చూసింది. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ అతను కాదనలేదు. కాదంటే ఆ ఓటమి తనదవుతుంది. గువ్వ మళ్లీ అమ్మ వైపు తిరిగింది. "మరి పాడైపోయింది కదా, అయినా రాయాలా?"

"రాయి."

పిల్ల నీలంరంగు పెన్ను మూత తీసి, నాలుక కొరుక్కుంటూ, పెద్ద పెద్ద అక్షరాలతో 'మా అమ్మ మంచు పట్టని పూత కనిపెట్టింది' అని రాసింది. రాసి, తర్వాత ఏమిటన్నట్టు తలెత్తింది. ఆమె తన రెండు చేతుల్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని, వేళ్లు మెల్లిగా రుద్దుకుంటూ, గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూస్తూ చెప్పింది.

"నలభై సార్లు ఓర్చుకుంది అని రాయి. నలభై ఒకటోసారి దాని వల్ల కాలేదు."